ఊట మీద ఆవిరి

దాటు 784, పదిహేడో రోజు

మోకాలు విరగలేదట, బెణికిందట. డాక్టరమ్మ ఆ మాట శుభవార్తలా చెప్పింది. నెల రోజులు నిచ్చెన ఎక్కకూడదన్న మాట మాత్రం గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చినట్టు చెప్పింది. నేను పనిచేసే గాలి గదికి నిచ్చెన తప్ప వేరే దారి లేదు. ఇరవై ఏడేళ్ళలో ఒక్క దాటు కూడా తప్పనిదాన్ని, ఎల్లుండి కింద కూర్చుంటాను.

ఇది గాలి గది రిజిస్టరు. ఇందులో కొలతలు తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. కొలతలు తీసుకోలేని మనిషికి రూలెందుకు? రాస్తాను. చదివినవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ.

మా పని ఇదీ. ఊట అనే గ్రహం పందొమ్మిది రోజులకోసారి తన సూర్యుడికి అడ్డంగా మూడు గంటలసేపు నడుస్తుంది. దాన్నే దాటు అంటాం. ఆ మూడు గంటల్లో ఆ సూర్యుడి వెలుగు కొంచెం ఊట గాలి అంచులోంచి వడకట్టుకుని మా కన్నుకు చేరుతుంది. మేం లోపల తొలుచుకుని బతికే ఈ మంచు గుట్ట ఆకాశంలో తిరిగే ఒక బండ; దాని నెత్తిన ఉన్న పెద్ద అద్దాన్ని ఇక్కడ అందరూ కన్ను అనే పిలుస్తారు. వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి, దాటుకు ముందటి వెలుగుతో పోల్చి చూస్తే ఏ రంగు తగ్గిందో తెలుస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగును మింగుతుంది. నీటి ఆవిరి మింగే చోట గీత కిందికి దిగుతుంది, దాన్ని పల్లం అంటాం. ఊట గీతలో ఆ పల్లం ఉంది. నలభై ఏళ్ళుగా ఉంది. దాన్ని నమ్ముకునే ఊటకు పోయే పడవ కట్టారు.

పడవ దాటు 787 అయిన ఐదో రోజున కదులుతుంది. రెండొందల పన్నెండు మంది ఎక్కుతున్నారు. నూట ఇరవై ఏళ్ళు చలిపెట్టెల్లో నిద్రపోయి, ఊట దగ్గర లేస్తారు. మా గుట్టలో మంచు ఇంకో ముప్పై ఏళ్ళకు మించి రాదు, చుట్టుపక్కల గుట్టల్లో ఎప్పుడో అయిపోయింది. మా ముత్తాతలు భూమ్మీద బొగ్గు బాయిల్లో పనిచేసి, మంచు తవ్వడానికి ఇంత దూరం వచ్చినవాళ్ళు. మంచు తవ్వే చోటును మేం ఇప్పటికీ బాయి అనే అంటాం.

శ్రీలత కూడా పడవ ఎక్కుతోంది. తొమ్మిదేళ్ళుగా నాతోపాటు గీతలు చదువుతున్న మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళే కానీ ప్రతి గీతనూ నాకంటే ఎక్కువ అనుమానిస్తుంది. పడవలోనూ ఒక కన్ను ఉంది, ఊట దగ్గర లేచాక దాన్ని చూసుకునే పని ఆమెదే.

"నువ్వు కింద కూసో అక్కా, ఈ దాటు నేను చూస్త. పైకి గుడాలు పంపుడు మాత్రం మర్చిపోకు," అని నవ్వి వెళ్ళింది.

దాటు 785

ఈ రోజు పండుగ చూశాను.

చిన్నప్పుడు చూడలేదని కాదు. నేనూ ఇక్కడి పిల్లనే, దాటు రోజు వేడినీళ్ళ స్నానం కోసం లైన్లో కొట్లాడినదాన్నే. కానీ ఇరవై ఏడేళ్ళుగా దాటు రోజంటే నాకు పైన చీకటి గది, తెర మీద గీత, కింది నుంచి చల్లారిపోయి వచ్చే గిన్నెడు ఉడికిన శనగ గుడాలు. ఊట కోసం ఊరంతా పండుగ చేసుకుంటుంటే ఊటను చూసే మేం మాత్రం పండుగకు రాలేదు. పని మీద అంత భక్తి మాకు.

పెద్ద హాల్లో ఒక మూలన కాలు చాపుకుని కూర్చున్నాను. పైనుంచి శ్రీలత సైరన్ కొట్టింది, దాటు మొదలైందని. ఇన్నేళ్ళూ ఆ సైరన్ కొట్టిన చెయ్యి నాది. సైరన్ మోగగానే వరసగా పన్నెండు పొయ్యిల మీద డేగిసలు మరగడం మొదలైంది, స్నానాల గదుల తలుపులు తెరిచారు. మామూలు రోజుల్లో తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునే మనుషులు బకెట్లకు బకెట్లు గుమ్మరించుకుంటున్నారు. ముసలాయన ఒకడు వేడినీళ్ళు నెత్తిన పోసుకుని చిన్నపిల్లాడిలా అరిచాడు. చూసి నేనూ నవ్వాను.

మా ఆయన రాజేశం ఆవిరి షిఫ్టు మేస్త్రీ. గుట్టలో ఎక్కడ పుట్టిన ఆవిరినైనా పట్టి, చల్లార్చి, మళ్ళీ నీళ్ళు చేయడం వాళ్ళ పని. చుక్క పోనివ్వరు. దాటు రోజు వాళ్ళకు సెలవని నాకు తెలుసు. ఆ సెలవులో ఏం చేస్తారో మాత్రం ఈ రోజే చూశాను. షిఫ్టంతా ఇస్త్రీ చొక్కాలేసుకుని నిలబడ్డారు. రాజేశం పెద్ద వాల్వు చక్రానికి దండం పెట్టి తిప్పాడు. బుస్సుమని చప్పుడు. హాలంతా చేతులెత్తి, "ఊటకు మన ఆవిరి!" అని కేకలేసింది.

కేకలు తగ్గాక అతన్ని పిలిచాను.

"ఆవిరి ఏడికి పోతున్నది?"

"ఏడికంటవేంది? బయటికి. గొట్టం గుట్ట మీదికి ఉన్నది కదా."

"గుట్ట మీద ఏ తావుల?"

"కన్ను ముందటికి." ఆ మాట ఎంతో మామూలుగా అన్నాడు. "ఊట దిక్కే వదలాలె అని మా నాయన కాలంల గొట్టం అటు తిప్పిన్రు. ఊట దిక్కంటే మీ కన్ను చూసే దిక్కే కదా."

నోట్లో గుడాలు అలాగే ఉండిపోయాయి. మూడు గంటల తర్వాత మళ్ళీ సైరన్ మోగింది, రాజేశం వాల్వు మూశాడు. ఇద్దరం ముప్పై ఏళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్నాం. నా పని అతను అడగలేదు, అతని పని నేను అడగలేదు. ఇద్దరికీ సిగ్గులేదు అనుకున్నాను, ఎక్కువ లేనిది నాకే.

దాటు 785, మూడో రోజు

శ్రీలత పాత రిజిస్టర్లన్నీ సంచిలో వేసుకుని నిచ్చెన దిగింది. విషయం చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒకటే మాట: "దాటుకు ముందు వదలరా? తర్వాత వదలరా?" వదలరు. సైరన్ నుంచి సైరన్ దాకా మాత్రమే. అదే మా కొంప ముంచింది. ఆవిరి ఎప్పుడూ ఉండి ఉంటే, ముందటి వెలుగుతో పోల్చినప్పుడు కొట్టుకుపోయేది. మేం దాటు అని చెప్పిన క్షణంలో మొదలై, అయిపోయింది అని చెప్పిన క్షణంలో ఆగే ఆవిరి, గ్రహం మీది ఆవిరిలాగే కనిపిస్తుంది.

రెండు రోజులు చదివాం. మొదటి ఎనిమిది దాట్లలో ఏమీ లేదు. తొమ్మిదో దాటులో సన్నటి పల్లం, పక్కన నాకు పని నేర్పిన ఎల్లయ్య సారు చేత్తో "అనుమానం" అని ఉంది. యంత్రం వణికిందో, కంటికి అలా అనిపించిందో, ఇప్పుడు ఎవరు చెప్తారు? ఆ మాట ఊళ్ళోకి పాకింది. పదో దాటుకు జనం సంబరంగా వంటలు చేసుకుని, ఆ ఆవిరిని ఊట దిక్కుకు వదిలారు. పల్లం పెరిగింది. సారు "అనుమానం" కొట్టేశారు. దాటు 52కు ఊరి కమిటీ అందరికీ వేడినీళ్ళ స్నానం ఇచ్చింది, పల్లం మునుపటికంటే ఇంకో సగం లోతయింది. దాన్ని సారు ఊట మీద వానాకాలం అన్నారు.

ఇక తోక. దాటు అయిపోయినా అరగంట దాకా పల్లం పూర్తిగా పోదు. ఊట గాలి దాని వెనక తోకలా సాగుతోందని నేను వ్యాసం రాశాను. బడిపుస్తకంలో బొమ్మతో సహా వేశారు. అరగంట అంటే వాల్వు మూసిన తర్వాత గుట్ట మీది ఆవిరి చెదిరిపోవడానికి పట్టే సమయం. ఊళ్ళో నన్ను తోకమ్మ అని పిలిచే పిల్లలున్నారు. ముద్దుగానే పిలుస్తారు.

దాటు 431 దగ్గర శ్రీలత ఆగింది. "అక్కా, ఇది చూడు."

ఆ వారం బాయిలో కప్పు కూలి పదకొండు మంది పోయారు. పండుగ చేయలేదు. గీత చదునుగా ఉంది, పల్లం జాడే లేదు. పక్కన "యంత్రం లోపం, లెక్కలోకి తీసుకోలేదు" అని రాసి ఉంది. ఆ అక్షరాలు నావి. సారు చెప్పారు, నేను రాశాను. ఎందుకని అడగలేదు. ఆ ఒక్క రోజు ఊట మాకు నిజం చెప్పింది, దాన్ని నా చేత్తో నేను పక్కన పెట్టాను.

దాటు 785, ఆరో రోజు

కమిటీ చైర్మన్ మొండయ్య చెడ్డవాడు కాదు. కప్పు కూలినప్పుడు నలుగురిని భుజాన వేసుకుని బయటికి తెచ్చిన మనిషి. నా మాటంతా విన్నాడు.

"మొండన్నా, ఒక్క దాటుకు వాల్వు మూసి పెట్టుండ్రి. ఒక్కటి చాలు."

"చెల్లె, ఇంక రెండే దాట్లు ఉన్నయి. పోయేటోళ్ళకు ఇవే ఆఖరి పండుగలు. తానాలు బందు పెట్టమంటవా?"

"లేకుంటే వాళ్ళు రాయి మీదికి పోతరు. గాలి లేని రాయి మీదికి."

"ఏడొందల డెబ్బై సార్లు నీళ్ళు కనబడ్డయంటివి. నువ్వే అంటివి, మేం అనలే. మోకాలు బెణికితే మాయమైనయా నీళ్ళు?"

రిజిస్టర్లు ముందు పెట్టాను. అతను వాటిని ముట్టుకోలేదు. ఈ మాట ఎక్కడా అనొద్దని మాత్రం చాలా మర్యాదగా చెప్పి, గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని దింపాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

దాటు 786

ఈ ఒక్క దాటుకు వాల్వు తిప్పొద్దని రాజేశాన్ని మూడు రోజులు బతిమాలాను.

"నా చేత దొంగపని చేపిస్తవా కొమురా?" అన్నాడు, నన్ను పేరుపెట్టి పిలిచి.

"వదులుడు దొంగపని గానీ ఆపుడు దొంగపని ఎట్లయితది?"

"జనం అడిగితే?"

"వాల్వు పట్టేసిందని చెప్పు. ముప్పై ఏళ్ళ సంది నువ్వు ఒక్క అబద్ధం చెప్పలే, నమ్ముతరు."

చెప్పాడు. నమ్మారు. చక్రం తిరగలేదని హాలంతా ఉసూరుమంది. కాసేపటికి ఆవిరి బయటికి పోయే దారిలేక హాల్లోకే వచ్చింది. గోడలు చెమర్చాయి, ఇస్త్రీ చొక్కాలు వంటికి అతుక్కున్నాయి, పిల్లలు ఏడ్చారు. రాజేశం తల వంచుకుని అందరి తిట్లూ తిన్నాడు. అతని షిఫ్టువాళ్ళు గబగబా ఆవిరి పట్టే పనిలో పడ్డారు, సెలవు పాడైందని గొణుక్కుంటూ.

సైరన్ ఆగిన గంటకు శ్రీలత దిగి వచ్చి, గీత నా ఒళ్ళో పెట్టింది. చదును. పల్లం లేదు, తోక లేదు. నీళ్ళ గాలే కాదు, అసలు గాలి ఉందనడానికి కూడా ఏమీ లేదు. దాన్ని రిజిస్టరు మధ్యలో పెట్టి మూశాను. తర్వాత ఆమె, "నా పెట్టె నంబరు నూట నలభై అక్కా," అంది. "నిన్ననే స్టిక్కర్ వేసిన్రు."

దాటు 786, ఎనిమిదో రోజు

మొండయ్య వద్దన్నా చెప్పేశాను. సభలో, అందరి ముందు, రెండు గీతలూ తెర మీద పెట్టి. ఆవిరి వదిలిన రోజు ఇదీ, వదలని రోజు ఇదీ అని.

జనం ఊట గురించి అడుగుతారనుకున్నాను. ఒక్కరు అడగలేదు. పండుగ పాడుచేసింది నేనేనని అర్థమైంది వాళ్ళకు. ఒకామె లేచి, "ఇరవై ఏడేళ్ళు మేం పంపిన గుడాలు తిన్నవు, ఒక్కనాడు మాతోని కూసున్నవా?" అంది. ఇంకొకడు, "ఇన్నేండ్లు ఉన్నదంటివి, ఇప్పుడు లేదంటివి, నీ ఏ మాట నమ్మాలె?" అన్నాడు. తెర ఆర్పి, కర్ర అందుకున్నాను. బయటికి వెళ్తుంటే ఎవరో నా కర్రను కాలితో తన్నారు. రాజేశం దాన్ని తీసి నా చేతికిచ్చాడు, ఎవరు తన్నారో చూశాడు.

చివరికి మొండయ్య ఒక దారి చూపించాడు. ఆఖరి దాటుకు వాల్వుకు కమిటీ సీలు వేస్తారు. వంటలు, స్నానాలు ఉంటాయి కానీ ఆవిరి బయటికి పోదు. పల్లం వస్తే పడవ పోతుంది, రాకపోతే ఆగుతుంది. సీలు తీసి ఆవిరి వదిలినవాడు నీటిదొంగ. నీటిదొంగకు నాలుగేళ్ళు కొస షిఫ్టు, అంటే బాయి అడుగున, మంచు గోడ దగ్గర ఒంటరి పని. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

దాటు 787

నిచ్చెన ఎక్కాను. మోకాలు మాట వినలేదు, అయినా ఎక్కాను.

దాటు మొదలైన ఇరవై నిమిషాలకు గీత వంగింది. శ్రీలత తెర మీదికి వంగి, వెనక్కి జరిగి, మళ్ళీ వంగింది. పల్లం వచ్చింది. మామూలు లోతులో సగమే, కానీ ఉంది. సీలు వేసిన వాల్వు కింద, ఒక్క చుక్క ఆవిరి బయటికి పోని రోజున.

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను. నా జీవితం ఉత్తిది కాదు, ఎల్లయ్య సారు పిచ్చివాడు కాదు, నేను తప్పుపట్టిందే తప్పు అనుకున్నాను. నా తప్పు బయటపడితే మనిషికి ఇంత సంతోషం ఉంటుందని తెలియదు. సైరన్ కొట్టి, శ్రీలతను పట్టుకుని ముద్దు పెట్టాను. ఆమె నవ్వలేదు. "ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఎందుకు మొదలైంది అక్కా?" అంది. వినిపించుకోలేదు.

కింద హాల్లో జనం నన్ను భుజాల మీద ఎక్కించుకున్నంత పని చేశారు. నా కర్ర తన్నినవాడే చేతులు పట్టుకున్నాడు. మొండయ్య సీలు అందరికీ చూపించాడు, చెక్కుచెదరలేదు.

ఇంటికి వస్తే రాజేశం మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుడిచేతికి గుడ్డ చుట్టుకున్నాడు. విప్పి చూశాను. అరచెయ్యి తోలు ఊడిపోయి ఉంది.

పెద్ద వాల్వుకు సీలుంది. కానీ బాయిలర్ వెనక, మరమ్మతులప్పుడు తీసే చిన్న వాల్వు ఒకటుంది, అదీ ఆ గొట్టంలోకే తెరుచుకుంటుంది. ఆవిరి షిఫ్టువాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. దానికి చక్రం లేదు, కాలుతున్న ఇనప కడ్డీని చేత్తోనే తిప్పాలి. జనం స్నానాల్లో మునిగేదాకా ఆగి వెళ్ళడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఎందుకు?" అని అడిగాను.

"సభల నీ మొఖం మీద ఉమ్మినంత పని చేసిన్రు. ఇరవై ఏడేళ్ళు నువ్వు తిన్నవా, పన్నవా? అదంతా ఉత్తదేనని నువ్వే నిలబడి చెప్తుంటే నాకు చూడబుద్ధి కాలే."

"రెండొందల పన్నెండు మంది, రాజేశం."

"వాళ్ళు ఎట్లైన పోతరు కొమురా. పడవ కట్టినంక ఆగుతరా ఎవరన్న? పోయేదేదో నీకు మంచిపేరు పెట్టి పోతరని చేసిన."

నన్ను ఇంతగా ప్రేమించిన మనిషి ఇంకొకడు లేడు. అతని చెంప మీద కొట్టాను. తర్వాత ఆ చేతికి మందు రాశాను.

దాటు 787, ఐదో రోజు

నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాలుగు రోజులు భర్తా, రెండొందల పన్నెండు మందా అని తూచుకుంటూ కూర్చుని, అన్నం తిని, నిద్రపోయాను. నిద్ర పట్టింది కూడా.

ఈ ఉదయం షిఫ్టు మొదట్లో జనం పడవ రేవుకు చేరారు. చలిపెట్టెలు వరసగా తెరిచి ఉన్నాయి, నంబర్ల స్టిక్కర్లతో. శ్రీలత నూట నలభై పక్కన నిలబడి బూట్లు విప్పుతోంది. వంగి లేసులు విప్పుకుంటున్న ఆమెను చూశాక ఇక ఆగలేకపోయాను.

అరిచి చెప్పాను. చిన్న వాల్వు సంగతి, ఇరవై నిమిషాల సంగతి. తీసింది నా మొగుడేనని చెప్పాను. మొండయ్య నా వైపు కోపంగా వచ్చాడు. నేను పిచ్చిదాన్నని అంటాడేమో, జనం నమ్ముతారేమో అనుకున్నాను. ఈలోగా రాజేశం వెనకనుంచి గుంపు తోసుకుంటూ ముందుకు వచ్చి, గుడ్డ విప్పి చెయ్యి పైకెత్తాడు. ఆ చేతిని చూసి ముందు వరసలోవాళ్ళు వెనక్కి జరిగారు.

నమ్మారు. ఈసారి ప్రతి ఒక్కరూ నమ్మారు.

మొండయ్య, "దిగేటోళ్ళు దిగుండ్రి. పడవ ఎవ్వల బలవంతంగ తీస్కపోదు," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నాకు అర్థం కాలేదు. "అక్కడ గాలి లేదు!" అని మళ్ళీ అరిచాను. అప్పుడు ఒకాయన, ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకున్నవాడు, చాలా మెల్లగా అన్నాడు.

"ఇన్నం అక్కా. దిగి ఏడ పండాలె? మా గది పోయిన నెలనే వేరేటోళ్ళకు ఇచ్చిన్రు. పని మస్టర్ల పేరు కొట్టేసిన్రు. మొండన్నా, మళ్ళ రాస్తవా మా పేర్లు?"

"మంచు లెక్క ఏడొందల మందికే కట్టిన్రు," అన్నాడు మొండయ్య. "మీరంతా ఉంటే ముప్పై ఏళ్ళది ఇరవై మూడేళ్ళకే అయిపోతది. రాసుడు నా ఒక్కని చేతిల లేదు."

అటు నిలబడ్డ ఏడొందల మంది వైపు చూశాను. వాళ్ళు సాగనంపడానికి వచ్చినవాళ్ళు. ఒక్కరైనా రాయమని అంటారేమోనని చూశాను. అందరూ ఎటో చూస్తున్నారు. నేనూ ఆ ఏడొందల్లో ఒకదాన్నే. నా గది నాకే ఉంది.

శ్రీలత విప్పిన బూటును మళ్ళీ వేసుకుంది. దిగుతోందనుకున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. ఆమె మొండయ్య దగ్గరికి వెళ్ళింది.

"పడవ ముక్కు ఎన్నేండ్ల దాకా తిప్పొచ్చు?"

"ముప్పై. అటెన్క తిరగదు."

"నేను పెట్టెల పండ. మెలకువతోనే పోత. పడవల కన్నున్నది కదా, దారిపొంటి అందే గ్రహాలన్నీ చూస్త. నీళ్ళున్నది దొరికితే తిప్పుత."

"ముప్పై ఏళ్ళా?" అన్నాడు మొండయ్య. "ఒక్కదానివా?"

"ముప్పై పట్టకపోవచ్చు," అంది. ఆమే, నేనూ ఇద్దరం ముప్పై పడుతుందనే అనుకున్నాం. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను కాళ్ళ మీద పడబోయాను, పట్టుకుని లేపింది. "నా తప్పుకు నువ్వు..." అన్నాను. "నేను గూడ తొమ్మిదేండ్లు చూసిన కదా అక్కా, నాది గూడ," అంది. తర్వాత నూట నలభై స్టిక్కర్ పీకేసి లోపలికి వెళ్ళింది. మిగిలినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పెట్టెల్లో పడుకున్నారు. పిల్లలకు ముందు మూతలు వేశారు.

దాటు 793, రెండో రోజు

పండుగ ఇప్పుడు లేదు. తీసేయమని ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చేయాలనిపించలేదు. రాజేశం కొస షిఫ్టులో ఉన్నాడు. వారానికోసారి గోడ దగ్గరికి సద్ది తీసుకెళ్తాను. గిన్నె తీసుకుని గోడవైపు తిరుగుతాడు. ఎడమచేత్తో గడ్డపార పట్టడం అలవాటు చేసుకుంటున్నాడు.

పడవ నుంచి మొదటి కబురు ఈ రోజు వచ్చింది. ముక్కు తిప్పితే అందే గ్రహాలు మొత్తం పద్నాలుగు ఉన్నాయి. కబురు చిన్నది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అక్కా. దాటుకు ఒక పూట ముందే పడవ గొట్టాలన్నీ మూసిన, పొయ్యి ఆర్పిన, చన్నీళ్ళు గూడ ముట్టలే. మొదటి గ్రహం చూసిన. ఏం లేదు. రెండోదాని దాటుకు ఇంక ఏడు నెలలున్నది. పిల్లల పెట్టెల మీద మంచు పేరుకుంటున్నది, పొద్దుగాల లేచి తుడుస్తున్న. నేను మంచిగున్న."

నాలుగుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్ళు ఆ గదిలో కూర్చుని, "ఏం లేదు" అని నేను ఒక్కసారి కూడా రాయలేకపోయాను. ఆ పిల్ల మొదటి గీతకే రాసింది, ఆ మాట వల్ల తనకు ఇంకెన్నేళ్ళ ఒంటరితనమో తెలిసి కూడా రాసింది.

జవాబుగా, సరిగ్గా చదివావని పంపాను.